రెండు గంటల సడలింపు

ఔలులో నవంబరు. మూడున్నరకే పొద్దు మూట కట్టేసింది.
కిటికీలో నా మొహం, దాని వెనక మంచు.
తెర మీద నాలుగు లక్షల కరెంటు మీటర్లు,
ఒక్కోదానికి గంటకో అంకె,
ఏడాదికి ఎనిమిది వేల ఏడు వందల అరవై.
పేర్లు చెరిపేశారు, వీధులు చెరిపేశారు.
మిగిలినవి నంబర్లూ, వంకర గీతలూ.

"ఏడు గుంపులు చెయ్యి" అన్నాడు తౌనో.
ఏడే ఎందుకంటే
అతని పటంలో రంగులు ఏడే ఉన్నాయి.

ప్రతి గీతనీ ప్రతి గీత పక్కనా పెట్టి చూడాలంటే
ఎనిమిది వేల కోట్ల పోలికలు.
నా ఉద్యోగం అయిపోయినా యంత్రం పంకా ఆగదు.
అందుకని రోజుని కుదించాను.
మూడేసి గంటలకి ఒక్కో అక్షరం:
తక్కువైతే అ, ఓ మోస్తరైతే ఆ,
ఎక్కువైతే ఇ, పొంగితే ఈ.
అ అ ఆ ఆ అ ఆ ఈ ఇ.
ఇదొక శనివారం.
చివర్లో ఆ ఈ ఉందే,
అది ఆవిరి గదిలో రాళ్ళు కాగడం.

అంతకుముందే ఎత్తులు తీసేశాను.
సగటు తీసి, చెదురుతో భాగిస్తే
నది ఒడ్డు మీది పద్దెనిమిది గదుల మేడా
ఒంటి బల్బు వాటాా ఒకే మట్టానికొస్తాయి.
ఇక మిగిలేది నడకే.
చీకట్లో వచ్చే మనిషిని పోల్చుకునేది దాంతోనేగా.

మొదటి రాత్రి గంటకి గంట ఎదురు పెట్టి కొలిచాను.
ఆరింటికి రాళ్ళు కాచే ఇల్లూ
ఏడింటికి కాచే ఇల్లూ
మొహాలు తిప్పుకుని వేరే గుంపుల్లో కూర్చున్నాయి.
రెండో రాత్రి కాలాన్ని సాగనిచ్చాను.
సాగనిస్తే ఏముంది,
ఊరంతా చుట్టాలే.
గోదాము కాపలావాడూ బడిపిల్లల ఇల్లూ ఒకే పంక్తిలో.
చివరికి రెండు గంటల దగ్గర ముడి వేశాను.
అటు రెండు, ఇటు రెండు.
అందాకా తేడా తేడా కాదు.

గుంపులు తేలాయి.
ఒక్కో గుంపు నడుమా ఒక సగటు గీత,
ఒక సగటు ఇల్లు.
అందులో ఎవరూ ఉండరు.
తలుపు లేదు, మెట్ల మీద తడి బూట్లు లేవు.
వచ్చే చలికాలానికి కంపెనీ కరెంటు కొనేది మాత్రం
ఆ ఇంటి లెక్కనే.

ఆరో గుంపు రొట్టెల బట్టీలు, రెండు వందల పన్నెండు.
మూడింటికి లేస్తాయి, పదింటికి చల్లారతాయి.
వాటి మధ్య ఒక్కటంటే ఒక్క కాపురపు మీటరు.
తెల్లవారుజామున మూడు,
ఆదివారం కూడా మూడే.
ఎత్తు తీసేశాక దానికీ బట్టీకీ తేడా లేదు.
"తప్పు పడింది, తీసెయ్" అన్నాడు తౌనో.

బిల్లుల విభాగం వియెనో
కాఫీ కప్పు పట్టుకుని వచ్చి చాలాసేపు చూసింది.
"మా నాన్న బట్టీ అమ్మేసి తొమ్మిదేళ్ళు.
ఇప్పటికీ మూడింటికి లేచి ఒక్క రొట్టె కాలుస్తాడు.
తినడనుకో."
కాస్త ఆగి,
"ఇది ఆయనదే అనడం లేదు" అంది.

నేను తీయలేదు.
పటంలో అది కనపడనే కనపడదు,
రెండు వందల పదమూడులో ఒక చుక్క.

నా మీటరు నంబరు నాకు కంఠతా వచ్చు.
చూడకూడదు. చూశాను.
రెండో గుంపు, శనివారపు ఆవిరి వాళ్ళు,
నడిబొడ్డుకి ఎంత దగ్గరగా ఉన్నానంటే
ఎవరూ లేని ఆ ఇల్లు
నాదే అన్నా నమ్మేస్తారు.

ఈ శనివారం ఆరింటికి పొయ్యి మీట నొక్కలేదు.
ఏడయింది. ఎనిమిదయింది.
రెండు గంటలూ యంత్రం క్షమించేసింది.
చల్లటి రాళ్ళ ముందు
ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని
మూడో గంట కోసం కూర్చున్నాను.